పక్కబుట్టలో మనిషి

ట్రాంటర్ మోటారు సైకిలు కొన్న కుర్రాళ్ళు పెళ్ళి కాగానే దాన్ని అమ్మేస్తున్నారు. కంపెనీ పెట్టిన నాలుగో ఏట ఒబడయా ట్రాంటర్‌కి పట్టుకున్న బెంగ అది.

అంతకు ముందు బెంగలు వేరు. సైకిలు గొలుసులు చేసుకునే మనిషి, బర్మింగ్‌హామ్‌లో తన కార్ఖానా వెనక రేకుల షెడ్డులో మొదటి బండి బిగించినప్పుడు అది ఇంటిముందు వీధి దాటడమే గొప్పగా ఉండేది. వానపడితే చక్రాన్ని తిప్పే తోలు బెల్టు జారిపోయేది. కొండ వస్తే నడిపేవాడు దిగి, బండి పక్కనే పరుగెత్తి తోయాల్సి వచ్చేది. ఆ లోపాలన్నీ ఒక్కొక్కటిగా కుదిరాయి. కుదిరాయంటే దానికి సగం కారణం సైలస్ యార్డ్‌లీ. ట్రాంటర్ బిగించినదాన్నల్లా సైలస్ ఊరవతలికి తీసుకుపోయి, విరిగేదాకా నడిపి, విరిగిన ముక్క పట్టుకుని తిరిగొచ్చేవాడు.

"ఇంజనుకి రోగమొస్తే నేను మందు వేస్తాను. ఈ పెళ్ళి రోగానికేం వెయ్యనోయ్?" అన్నాడు ట్రాంటర్ ఒకరోజు.

"పెళ్ళాన్ని కూడా ఎక్కించుకునేలా చేస్తే సరి," అన్నాడు బిగింపు పని చేసే జెబ్, తల ఎత్తకుండానే.

జెబ్ అన్నది వేళాకోళానికే. కానీ నెల తిరక్కుండా ట్రాంటర్ బండికి ఎడమపక్కన ఇనప చట్రం, దానికో చక్రం, చట్రం మీద వెదురు కుర్చీలాంటి పెద్ద అల్లిక బుట్ట వచ్చి కూర్చున్నాయి. పక్కబండి అని ట్రాంటర్ పేరు పెట్టాడు. షెడ్డులో వాళ్ళు మాత్రం బుట్ట అనేవాళ్ళు. ఆ మాటే నిలిచింది.

బుట్టలో మనిషి బరువు ఉంటే తప్ప పరీక్ష పరీక్ష కాదు. పని మానుకుని రోజంతా గతుకుల్లో ఊగడానికి మనిషిని ఎక్కడ తెస్తారు? అందుకని గోనెసంచిలో ఇసుక పోసి, మూతి కుట్టి, తోలు పట్టీతో కుర్చీకి కట్టారు.

సైలస్‌కి నలభై దగ్గర పడుతున్నాయి. వయసులో ఉన్నప్పుడు సైకిలు పందేల్లో పేరున్నవాడు. పెళ్ళెందుకు చేసుకోలేదంటే చెప్పడానికి కథేమీ లేదు. ఒక అమ్మాయి మోసం చేసిందీ లేదు, ఒక అమ్మాయి చచ్చిపోయిందీ లేదు. రోడ్డు మీదే ఉండేవాడు, ఏళ్ళు గడిచిపోయాయి, అంతే. మిసెస్ హాకెట్ అనే ముసలావిడ ఇంట్లో పైగది అద్దెకి తీసుకుని ఉంటున్నాడు. "తడిశావా?" అని ఆవిడ అడగడం, "తడిశాను" అని ఇతను అనడం, కొన్ని రోజుల్లో అతను మనుషులతో మాట్లాడిన మాటలన్నీ కలిపి అవే అయ్యేవి.

ఇసుక సంచి వచ్చాక షెడ్డులో వాళ్ళకి పండగైంది.

"ఏం సైలస్, మా వదినకి ఒంట్లో కులాసాయేనా?" అనేవాడు జెబ్ పొద్దున్నే.

"మీ వదిన బరువు పెరిగింది. రాత్రి వానకి తడిసింది."

"శాలువా కప్పవయ్యా! కట్టుకున్నదాన్ని అలా వదిలేస్తే ఎలా?"

ఒకరోజు ఎవడో పాత గడ్డి టోపీ తెచ్చి సంచి మూతికి తగిలించాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. సైలస్ కూడా నవ్వాడు. టోపీ తియ్యలేదు. తీసేస్తే ఉడుక్కున్నాడనుకుంటారని ఊరు దాటేదాకా అలాగే ఉంచాడు. ఊరు దాటాక కూడా ఎందుకో తియ్యలేదు.

బ్రామ్స్‌గ్రోవ్ దారిలో మొదటిసారి సంచితో మాట్లాడాడు. "గుంటొస్తోంది, పట్టుకో," అన్నాడు. అలవాటుగా వచ్చిన మాట, తనకు తానే చెప్పుకున్నట్టు. ఆ తర్వాత గుంటల దగ్గర ఆగలేదు. ఫలానా కొట్టులో రొట్టె బాగుండదని, ఈ మలుపులోనే తను పందెంలో పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడని, మిసెస్ హాకెట్ పిల్లికి చూపు మందగించిందని, ఇంజను హోరులో తనకే వినపడని గొంతుతో చెప్పుకుంటూ పోయేవాడు. ఒక మధ్యాహ్నం లిక్కీ కొండల మీద బండి ఆపి, తినడానికి కూర్చుని, రొట్టె విరిచి, జున్ను కోసి చూసుకుంటే, రెండు వాటాలు చేసి ఉన్నాడు. కాసేపు ఆ రెండో వాటా కేసి చూశాడు. రెండూ గబగబా తినేసి బండెక్కాడు. ఆ రోజు మళ్ళీ నోరు విప్పలేదు.

మూడోవారంలో బుట్ట తెగింది. అడుగున చట్రాన్ని ఆనుకునే చోట అల్లిక తెగి, ఇసుక సంచి రోడ్డు మీదికి జారింది.

కబురు అందుకుని బుట్ట అల్లినావిడే వచ్చింది. పేరు కెజియా బ్లోర్. చేపల బజారు వెనక సందులో ఆమెకు చిన్న దుకాణం. కింద పని, పైన గది. చేపలవాళ్ళకి గంపలూ, చాకళ్ళకి బుట్టలూ అల్లుతుంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మనిషి గట్టిది, గొంతు అంతకంటే గట్టిది. చేతుల నిండా బుట్టలల్లే విల్లో చెట్టు బద్దల కోతలు. వంగి తెగినచోట వేలు పెట్టి చూసి లేచింది.

"ఇందులో ఏం కూర్చోబెట్టారు?"

"ఇసుక," అన్నాడు సైలస్.

"ఇసుకా? ఆడవాళ్ళు కూర్చోవడానికని కదా అల్లించుకున్నారు! ఇసుక వేసిన చోట వేసినట్టే చచ్చి పడుంటుంది. మనిషైతే గతుకు రాగానే ఇంత లేస్తుంది, అంత ఒరుగుతుంది. నా బుట్ట మనిషి కోసం అల్లింది, శవం కోసం కాదు."

"అయితే మనిషిని తీసుకురామ్మా, కూర్చోబెడదాం," అన్నాడు ట్రాంటర్.

"మీ ఆవిడ లేదూ?"

ట్రాంటర్ భార్యను అడగనే అడిగారు. "చేపల గంపలో నన్ను ఊరేగిస్తావా?" అని ఆవిడ తలుపు మూసుకుంది. జెబ్ తన నడుం నొప్పి సంగతి ఎత్తాడు. చివరికి కెజియా కొంగు దులిపినట్టు ఏప్రను దులిపి, "బాగు చేశాక నేనే కూర్చుంటాను. చూద్దాం ఎలా తెగుతుందో," అంది.

తెగింది. ఈసారి వీపు ఆనే చోట. అది తర్వాతి మాట. మొదటిరోజు మాత్రం సైలస్ బండి తీసిన ఫర్లాంగులోనే తేడా చేతులకి తెలిసింది. ఎడమ మలుపు రాగానే ఆమె తనంతట తానే బయటికి ఒరిగింది, బండి గుర్రంలా మాట విని తిరిగింది. ఇన్నాళ్ళూ ప్రతి మలుపులోనూ ఒక్కడే పెనుగులాడాడు. "గుంటొస్తోంది, పట్టుకోండి," అన్నాడు పాత అలవాటు కొద్దీ.

"చూశాన్లెండి!" అని కింద నుంచి కేక వచ్చింది.

ఆ ఉలికిపాటులో సైలస్ చేతిలో పిడి వదిలేసినంత పనైంది. తన మాటకి జవాబు వస్తుందని అతను అనుకోలేదు.

వీపు దగ్గర తెగినప్పుడు కెజియా రోడ్డు పక్కన నిలబడి పగలబడి నవ్వింది. "ఇసుకని అనవసరంగా తిట్టాను పాపం," అంది. మళ్ళీ అల్లింది. మళ్ళీ ఎక్కింది. అలా ఆ వేసవంతా గురువారం గురువారం ఆమె దుకాణం ఇద్దరు పనిపిల్లలకి అప్పగించి వచ్చేది. క్లెంట్ కొండలు, కిడ్డర్‌మిన్‌స్టర్ దారి, ఒకసారి వానలో వూస్టర్ దాకా. మధ్యాహ్నం ఎక్కడో గట్టు మీద కూర్చుని తినేవాళ్ళు. చల్లారిన టీ ఒకే డబ్బాలోంచి తాగేవాళ్ళు. ఆమె తన ఊరు బ్యూడ్లీ గురించి చెప్పేది. సెవర్న్ నది పొంగితే వీధిలో పడవలేసుకుని తిరగడం, చలికాలంలో నీళ్ళలో నిలబడి విల్లో కొమ్మలు కోయడం, వేళ్ళు కొంకర్లు పోతే తన అన్న వాటిని చంకలో పెట్టుకుని వెచ్చబెట్టడం. సైలస్ వినేవాడు. చెప్పడానికి తన దగ్గరా ఎన్నో ఉన్నాయని అతనికి తెలుసు, అవన్నీ సంచికి చెప్పినవే. మనిషి ఎదురుగా ఉంటే ఒక్కటీ పైకి వచ్చేది కాదు.

ఆమెకీ పెళ్ళి కాలేదు. పైగదిలో ఒక్కతే ఉంటుంది. ఒక్కతే తింటుంది. తనలాంటిదే మరో మనిషి ఈ ఊళ్ళో ఉందని సైలస్ మనసులో అనుకున్నాడు. అలా అని అతనికి ఎవరూ చెప్పలేదు. తనే నిర్ణయించుకున్నాడు.

శరదృతువులో వేల్స్ కొండల్లో మోటారు సైకిళ్ళ పరీక్ష పరుగు పెట్టారు. బుట్ట బండ్లకి వేరే వరస. పెద్ద పెద్ద కంపెనీలన్నీ వచ్చాయి. ట్రాంటర్ ఒక్క బండి పంపాడు, దాని మీద సైలస్, బుట్టలో కెజియా. కొండదారిలో వాన పట్టుకుంది. బురదలో వెనక చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి. బుట్టల్లో ఆడవాళ్ళు దిగి గొడుగులు పట్టుకుని నిలబడ్డారు, మగవాళ్ళు బండ్లు తోస్తున్నారు. కెజియా దిగలేదు. బుట్టలోంచి లేచి, మోకాళ్ళ మీద నిలబడి, వెనక చక్రం పైన సామాను పెట్టుకునే చట్రం మీద బోర్లా పడింది. ఆ బరువుకి చక్రం నేలను పట్టుకుంది.

"ఆపకండి! నేను పడితే పడతాను, మీరు మాత్రం ఆపకండి!"

అతను ఆపలేదు. కొండ నెత్తికి ఎక్కేసరికి ఆమె మొహం నిండా బురద, పళ్ళు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. వాళ్ళ వెనక దారి ఖాళీగా ఉంది. ఇద్దరూ కొండ మీద వానలో ఊరికే నిలబడ్డారు. అప్పుడు అడిగి ఉండాల్సిందని సైలస్ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. అప్పుడు మాత్రం, "బెల్టు చూడాలి," అన్నాడు. వంగి బెల్టు చూశాడు.

పతకం వచ్చింది. పేపర్లలో ట్రాంటర్ పేరు పడింది. పెళ్ళయినవాళ్ళు, పెళ్ళి కాబోయేవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు కూడా ఉత్తరాలు రాయడం మొదలెట్టారు. ట్రాంటర్ పక్కస్థలం తీసుకుని కొత్త షెడ్డు లేపాడు. ఇరవైమంది కొత్తవాళ్ళు చేరారు.

అన్ని బండ్లకి బుట్టలెక్కణ్ణుంచి వస్తాయి? కెజియా, ఆమె పనిపిల్లలిద్దరూ రెక్కలు ముక్కలు చేసుకున్నా వారానికి ఏ రెండో మూడో. పైగా వానకి నానితే అల్లిక వదులై కిర్రుమంటుంది. ట్రాంటర్ గుర్రపు బండ్లు చేసే ఒకాయనతో కర్రచట్రం మీద రేకు తాపడం చేయించి ఒకటి తెప్పించాడు. చలికాలమంతా సైలస్ దాన్ని నడిపాడు. కెజియాకి దుకాణంలో పండగ పని ఒత్తిడి. బుట్టలోకి మళ్ళీ ఇసుకే వచ్చింది. కొత్తవాళ్ళకి వదిన సంగతి తెలియదు, జెబ్‌కి వేళాకోళమాడే తీరిక లేదు. అది ఉట్టి ఇసుక సంచి.

ఫిబ్రవరిలో ట్రాంటర్ పిలిచాడు. బండ్లాయన కూడా అక్కడే ఉన్నాడు.

"ఉన్న మాట చెప్పు సైలస్. నువ్వేదంటే అది. అల్లిక మేలా, రేకు మేలా?"

సైలస్‌కి అడిగినదేమిటో తెలుసు, దాని వెనకున్నదేమిటో కూడా తెలుసు. రేకు మోత ఎక్కువ అనొచ్చు. అది అబద్ధమూ కాదు. కాళ్ళకి చలి అనొచ్చు. టోపీ చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఇన్నేళ్ళుగా విరిగినదాన్ని విరిగిందనీ నిలిచినదాన్ని నిలిచిందనీ చెప్పడమే తన బతుకు.

"రేకుదే," అన్నాడు.

ఆ సాయంత్రమే చేపల బజారు వెనక సందుకి వెళ్ళాడు. ఇంకొకరి నోట ఆమె వినకూడదనుకున్నాడు. కెజియా తొట్టిలో విల్లో నానబెడుతోంది.

"మొహం చూస్తేనే తెలుస్తోంది," అంది. "రేకుకి వెళ్తున్నారా?"

"ఔను. నన్ను అడిగారు."

"మీరేమన్నారు?"

"రేకు మేలన్నాను."

చేతిలో బద్దను తొట్టి అంచుకి ఆనించి పెట్టింది. "నిజమేనా అది?"

"నిజమే."

"అయితే ఇంకేం. నేనైనా అదే అనేదాన్ని." తడిచేతులు ఏప్రనుకి తుడుచుకుంది. "కాస్త కష్టంగానే ఉంది, లేదనను. మీరు వచ్చి చెప్పారు, అది బాగుంది. ఎలాగూ ఈస్టరుకి దుకాణం ఎత్తేసి బ్యూడ్లీ పోదామనుకుంటున్నాను. అన్న పొలంలో విల్లో ఉంది, అక్కడే అల్లుకోవచ్చు. ఈ పొగ నాకు పడట్లేదు."

"మంచిది," అన్నాడు సైలస్. ఇంటికి నడుస్తూ ఆ మాటని దారంతా తిట్టుకున్నాడు.

మే నెలలో ఒక ఆదివారం అతను కొత్త కాలరు పెట్టుకున్నాడు. షెడ్డు మూల పడేసిన పాత అల్లిక బుట్ట బండిని ట్రాంటర్‌ని అడిగి బయటికి తీశాడు. తుడిచాడు. బ్యూడ్లీ వెళ్ళాడు.

అన్నా వదినలు పిల్లలతో ప్రార్థనకి పోయారు. కెజియా ఇంటి వెనక, నది ఒడ్డున గోడ మీద కూర్చుని ఉంది. ఎండకి నల్లబడింది. ఒంట్లో నిగారింపు వచ్చింది.

"కంపెనీ పంపిందా?"

"లేదు. నేనే వచ్చాను."

"అయితే కూర్చోండి. గోడ అంతా ఖాళీయే."

కూర్చున్నాడు. నది నిండుగా పోతోంది. దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ కిడ్డర్‌మిన్‌స్టర్ దగ్గరే ఎక్కడో జారిపోయాయి.

"నేను మాటకారిని కాను."

"అది నాకు తెలుసు. కానివ్వండి."

"మీరూ నేనూ, ఇద్దరం ఒంటరివాళ్ళం. కలిసి ఉంటే బాగుంటుందని... పెళ్ళి చేసుకుంటే బాగుంటుందని నాకు తోచింది."

కెజియా నవ్వలేదు. మెల్లగా అడిగింది. "ఇద్దరం అని మీకెవరు చెప్పారు?"

సైలస్‌కి అర్థం కాలేదు. "ఆ పైగదిలో మీరు ఒక్కరే కదా."

"ఒక్కదాన్నే. తలుపు గడియ పెట్టుకుని, నా టీ నేను కాచుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంటే నాకు రాణీలా ఉండేది సైలస్. ఎనిమిదిమంది పిల్లల్లో పుట్టినదాన్ని. ఒక్కదాన్నే ఉండడానికే ఆ ఊరొచ్చాను. ఇక్కడా అన్నతో చెప్పి పడవల కొట్టాం మీద వేరే గది వేయించుకున్నాను." అతని మొహంలోకి చూసింది. "మీకు అది కష్టంగా ఉండేదా? అన్నాళ్ళూ?"

"ఉండేది."

"నాకు తట్టనే లేదు. ఎప్పుడూ చెప్పలేదు మీరు."

"లేదు."

"గురువారాలు బాగుండేవి. అది మాత్రం నిజం. ఆ వేల్స్ కొండ నేను చచ్చేదాకా మరిచిపోను. కానీ అన్నీ గురువారాలే అయితే నాకు ఊపిరాడదు. మీ మీద కోపంతో కాదు, ఎవరితోనైనా అంతే."

సైలస్ తల ఊపాడు. కాదన్నందుకు అంత బాధ లేదు. కాదనొచ్చని అనుకునే వచ్చాడు. తనలాంటిదే మరొకరు ఉన్నారనుకుని ఏడాదిగా ఆ తలపు మీద బతికాడు, ఆ మనిషి లేదు. మొదటినుంచీ లేదు.

కొంతసేపటికి కెజియా గోడ మీంచి దూకింది. "ఒకటడుగుతాను, కాదనకూడదు. నాకది నడపడం నేర్పండి."

"బండినా?"

"వేసవంతా గంపలో చేపలా కూర్చున్నాను. ఒక్కసారి నేను నడుపుతాను."

నేర్పాడు. ఏ పిడి దేనికో చెప్పి, స్టార్టు చేసి, తను బుట్టలో కూర్చున్నాడు. ఆ బుట్టలో అతను కూర్చోవడం అదే మొదటిసారి. నేల ఇంత దగ్గరుంటుందని అతను అనుకోలేదు. చక్రం చెవి పక్కనే గీపెడుతోంది, దుమ్మంతా మొహానికే కొడుతోంది, కంచెల ఆకులు భుజానికి రాసుకుంటున్నాయి. తల తిప్పి చూస్తే నడిపేవాళ్ళ మోచెయ్యి, బూటు తప్ప ఇంకేమీ కనపడవు. అన్ని గురువారాలూ ఆమె చూసింది ఇదన్నమాట. తన మొహం ఆమెకి కనపడనే లేదు. తను చూసిందీ ఆమె టోపీనే.

కెజియా మాత్రం నది పక్క దారంతా పిచ్చిదానిలా కేకలు పెడుతూ నడిపింది. బాతులు చెదిరిపోయాయి. "ఆపడమెలా? సైలస్, ఆపడమెలా?" అని అరిచేసరికి అతను చెప్పబోయాడు, అప్పటికే బండి దురదగొండి పొదలోకి దూరి ఆగింది. ఇద్దరికీ చేతులు మండిపోయాయి. ఆమె నవ్వుతూ ఏదో ఆకు నలిపి తన చేతికి రుద్దుకుని, అతని చేతికీ రుద్దింది. అతనూ నవ్వాడు. ఆ నవ్వు నటన కాదు, కానీ ఎక్కువసేపు నిలవలేదు.

మధ్యాహ్నం తిరిగాక బయల్దేరాడు. ఆమె రోడ్డు దాకా వచ్చింది. "ఇటు వస్తే టీకి ఆగండి," అంది. "ఆగుతాను," అన్నాడు. దారంతా ఎడమ మలుపు వచ్చినప్పుడల్లా ఖాళీ బుట్ట కింది చక్రం గాల్లోకి లేవబోయేది. దాన్ని దించడానికి అతను ఒళ్ళంతా అటు ఒరగాల్సి వచ్చింది. ఊరు చేరేసరికి నడుం పట్టేసింది. సన్నగా వాన కూడా పడింది.

మిసెస్ హాకెట్ వంటింట్లో బఠాణీలు ఒలుస్తోంది.

"తడిశావా?"

"తడిశాను," అని మెట్లెక్కబోయి సైలస్ ఆగాడు. "బ్యూడ్లీ వెళ్ళొచ్చానండి. ఒకామెని పెళ్ళి చేసుకుంటావా అని అడగడానికి వెళ్ళాను. చేసుకోనంది."

ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఉన్నాడు, అంత పొడుగు మాట ఆవిడ అతని నోట వినలేదు. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"అయ్యో నాయనా," అంది. "మంచిదేనా మనిషి?"

"చాలా మంచిది."

ఆవిడ కాలితో కుర్చీ ఇవతలికి జరిపింది. సైలస్ కూర్చున్నాడు. చెప్పడానికి అట్టే లేదు, ఉన్నంత చెప్పాడు. ఆవిడ పెట్టిన సూపు తాగి పైకి వెళ్ళాడు. గది ఎప్పటిలానే ఉంది. మంచం మీద కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే, ఒంటరిగా ఉన్నానని తను ఒక మనిషికి చెప్పడం ఈ రోజే మొదలని తట్టింది. చెప్పినందుకు తగ్గిందా అని చూసుకున్నాడు. తగ్గలేదు.

సోమవారం పొద్దున కొత్త షెడ్డు ముందు ఆరు రేకు బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. మొదటిదాన్ని తోసి స్టార్టు చేసి, సైలస్ క్లెంట్ దారి పట్టాడు.